నా గొంతొక్కటే వినాలనుకున్నాను

వేదిక మీద నాకు వినపడేందుకు మానిటర్ స్పీకర్ కొనడానికి వెళ్లి నేను అడిగింది ఒక్కటే: "ఎన్ని వాట్లు?" ఎక్కడ కూర్చుని పాడతానో, ఏ మైకు వాడతానో, అందులోంచి ఏం వినాలనుకుంటున్నానో నేను చెప్పలేదు. అసలు నాకే తెలియదు.

అవసరం మాత్రం నిజమైనదే. గుళ్లలో, శ్రీరామనవమి పందిళ్లలో, పెళ్లిళ్లలో కచేరీ అంటే పెద్ద స్పీకర్లన్నీ జనం వైపే తిరిగి ఉంటాయి. వేదిక మీద ఉన్నవాళ్లకు చేరేది గోడకు కొట్టుకుని ఆలస్యంగా తిరిగొచ్చే శబ్దం. దాని మధ్య శృతి దొరక్క, తారస్థాయిలో గొంతు చించుకుని, మర్నాడు మాట పెగలక బాధపడ్డాను. అందుకే సంచిలో పట్టే చిన్న మానిటర్ ఒకటి సొంతంగా ఉండాలనుకున్నాను.

మైకు స్టాండుకే బిగించుకోగలిగే చిన్న పెట్టెలు చూపించారు. మాకీ ఎస్ఆర్ఎం 150, బెహ్రింగర్ బి 205 డి లాంటివి: అయిదంగుళాల పైచిలుకు కోను, 150 వాట్లు. ఇవి చాలవనుకుని, 300 అని రాసి ఉన్న పెద్ద పెట్టె, నేల మీద వాలుగా పెట్టేది తీసుకున్నాను. కానీ వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. ఉన్న పెట్టెనే రెండు మీటర్ల నుంచి ఒక మీటరుకు జరుపుకుంటే దాదాపు 6 పెరుగుతుంది. పైగా ఆ 300 క్షణకాలం అందే పీక్ అంకె. కచేరీ పొడుగునా నిలకడగా ఇచ్చే శక్తి కాదు. ఇంకో సంగతి, ఆ వాలు నిలబడి పాడేవాళ్ల చెవికి శబ్దం తగలాలని పెట్టింది. నేను బాసింపట్టు వేసుకుని కూర్చుంటాను. శబ్దం నా తల మీదుగా పోతుంటే పెట్టెకు బలం లేదనుకుని ఇంకా పెంచేదాన్ని.

పెంచితే మైకు కూత (ఫీడ్‌బ్యాక్). నాది సూపర్ కార్డియాయిడ్ మైకు. షూర్ ఎస్ఎం 58 లాంటి కార్డియాయిడ్ మైకుకైతే సరిగ్గా వెనకవైపు నుంచి వచ్చే శబ్దం అతి తక్కువగా అందుతుంది. నా మైకు వెనకనుంచి కొంత పట్టుకుంటుంది. దానికి చెవుడు సుమారు 125 డిగ్రీల దగ్గర, రెండు పక్కలా. నేనేమో పెట్టెను తిన్నగా వెనక పెట్టి, కూత వచ్చినప్పుడల్లా సౌండ్ అబ్బాయి మీద విసుక్కున్నాను. అతని తప్పేమీ లేదు. అందరి ముందూ అతన్ని అన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

వీటన్నిటికన్నా పెద్ద తెలివితక్కువతనం వేరే ఉంది. ఆ పెట్టెలో నా గొంతొక్కటే పెట్టించుకున్నాను. మన గొంతు మనకు గట్టిగా వినపడితే తెలియకుండానే నెమ్మదిగా పాడతాం. నేను నెమ్మదించేసరికి జనానికి వినపడటానికి సౌండ్ అబ్బాయి నా మైకు పెంచేవాడు. పెంచిన మైకులోకి మృదంగం జొరబడేది, మళ్లీ కూత మొదలయ్యేది. ఇంత జరుగుతున్నా నా పాట నాకు హాయిగానే ఉండేది. ఒకరోజు కల్యాణి రాగంలో స్వరకల్పన అయ్యాక వయొలిన్ మాస్టారు పక్కకు వంగి, "అమ్మా, నేనిచ్చిన జవాబు నీకు వినపడిందా?" అన్నారు. వినపడలేదు. ఆయన వాయిస్తున్నంతసేపూ తలూపాను గానీ ఒక్క స్వరం కూడా వినలేదు. అనుసరించడానికి ప్రాణం పెట్టే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, నేనే ఆయన్ని నోరులేనివాణ్ణి చేశాను.

ఆ పెద్దది అమ్మేసి చిన్నదే కొన్నాను. మొదట ఒక భయం ఉండేది. అయిదు శృతిలో నా షడ్జం సుమారు 196 హెర్ట్జ్, మంద్ర పంచమం 147. అంత చిన్న కోను కింది స్వరాలను నిలబెడుతుందా అని. కానీ తంబురా నాదం చాలావరకు తీగల కింది జీవాళి దారం లేపే పై ఓవర్‌టోన్లలోనే ఉంటుంది, చెవి వాటిలోంచే ఆధారషడ్జాన్ని పట్టుకుంటుంది. కింది శబ్దం తక్కువ రావడం వల్ల మృదంగం తొప్పి హోరు కూడా తగ్గింది. పెట్టెను స్టాండు మీద నా చెవి ఎత్తుకు బిగించి, మైకుకు వెనక ఒక పక్కగా ఉంచుతాను. అందులోకి ముందు తంబురా, తర్వాత వయొలిన్, నా గొంతు చివర కొద్దిగా. మొదట్లో వెలితిగానే అనిపించింది. ఇప్పుడు నెరవల్లో వయొలిన్ మాస్టారు వేసే చిన్న గమకం కూడా నాకు అందుతోంది. నా తర్వాతి సంగతి దాన్నుంచే పుడుతోంది.

మృదంగం ఆయనకు మాత్రం నా పెట్టె నుంచి ఏమీ చేరదు. అటువైపు ఇంకొకటి కావాలి, డబ్బు కూడబెడుతున్నాను. ఈసారి కొనడానికి ఆయన్నీ వెంట తీసుకెళ్తాను. ఏం వినాలో ఆయనే చెప్పాలి.