గాలి కన్నంలో పాత లుంగీ

డబ్లిన్ శివార్లలో లూకన్, యాడమ్స్‌టౌన్ వైపు ఇల్లు కొన్న తెలుగువాడు తాళాలు చేతికి రాగానే చేసే మొదటి మరమ్మతు, గోడకున్న గాలి కన్నం మూయడం. ముప్ఫై ఏళ్ళ అప్పు నెత్తికెత్తుకుని కొన్న ఇంటికి బిల్డరు చిల్లు పెట్టి మరీ ఇచ్చాడాయె! పాత లుంగీ ఒకటి చుట్ట చుట్టి అందులో కుక్కి, పైన ప్యాకింగ్ టేపు వేసేదాకా ఆయనకు నిద్ర పట్టదు.

ఇక లోపల సంసారం మొదలవుతుంది. పొద్దున ఇడ్లీ ఆవిరి, మధ్యాహ్నం పప్పు కుక్కరు, రాత్రి రేడియేటర్ల మీద ఆరేసిన తడి బట్టలు. బయట ఎలాగూ వానే కాబట్టి కిటికీలు తీసే ప్రసక్తి లేదు. ఆ తేమంతా పోయే దారి లేక చల్లటి గోడకు పట్టి నీరవుతుంది. సంక్రాంతి నాటికి బీరువా వెనక నల్లటి బూజు మచ్చలు.

"ఏవండీ, కొత్త ఇల్లని చెప్పి పాతది అంటగట్టారేమో!"

ఆయన బిల్డరుకు ఘాటుగా మెయిలు కొడతాడు. బిల్డరు మనిషి వస్తాడు, మచ్చ చూస్తాడు, పైకి చూస్తాడు, టేపు పీకుతాడు, లుంగీ బయటికి లాగి యజమాని చేతిలో మర్యాదగా పెడతాడు. లుంగీకి వారంటీ వర్తించదు.

ఇంతకీ కొనేముందు ఇల్లు పరీక్షించలేదా అంటే, ఎందుకు పరీక్షించలేదు? ప్లాను వాట్సాప్‌లో గుంటూరు వెళ్ళింది. సింహద్వారం దిక్కు, మెట్లు, వంటగది మూల అన్నీ సిద్ధాంతిగారు చూశారు. ఇక్కడ మరో శాస్త్రం ఉంది, దాన్ని స్నాగ్ లిస్టు అంటారు. డబ్బు పూర్తిగా కట్టేముందు సర్వేయరు ఇల్లంతా తిరిగి వంకర తలుపులూ, కారే కుళాయిలూ, పగిలిన టైల్సూ రాసిస్తాడు. బిల్డరు సరిచేయాలి. ఆ ఫీజు మనకు దండగ. ఈశాన్యంలో మరుగుదొడ్డి వచ్చిందని నెలరోజులు కుమిలిపోయినవాడు, దాని ఫ్లష్ పనిచేస్తుందా అని ఒక్కసారి నొక్కి చూడడు.

అయితే ఒక్క మనవాణ్నే ఆడిపోసుకుంటే పాపం. సర్వేయరు కంటికీ ఆనని లోపాలున్నాయి. బూమ్ రోజుల్లో డబ్లిన్ చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళ నేల కింద పైరైట్ అనే ఖనిజం ఉన్న కంకర పోశారు. గాలీ తేమా తగిలి అది ఉబ్బింది, నేలలు లేచాయి, గోడలు పగిలాయి. దానికోసం 2013లో చట్టమే చేశారు. డోనెగల్, మేయో కౌంటీలలో గోడల దిమ్మెలే పొడి రాలిపోతే 2022లో ఇంకో చట్టం, అప్పట్లో ఇంటికి 4,20,000 యూరోల దాకా సాయం. ఆ బూమ్ రోజుల్లో ఇళ్ళన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయని బిల్డరు పెట్టుకున్న నిపుణుడే సంతకం పెట్టేవాడు. తనిఖీ కాస్త బిగించింది 2014లో. మన సిద్ధాంతిగారు కనీసం ప్లాను చూశారు.

గృహప్రవేశం హడావుడిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: స్టాప్ కాక్ ఎక్కడ? ఇంటికి వచ్చే నీళ్ళు కట్టేసే ఆ చిన్న పిడి సాధారణంగా వంటింటి సింకు కింద, మనవాళ్ళు బియ్యం బస్తా పెట్టేచోట ఉంటుంది. 2010 డిసెంబరు గడ్డకట్టే చలిలో ఐర్లండంతటా పైపులు పగిలినప్పుడు దాని విలువ జనానికి తెలిసొచ్చింది. మనకు తెలిసేది పైకప్పు నుంచి నీళ్ళు కారుతుండగా, బస్తా జరిపే వేళకు.

పాత ఇల్లు కొన్నవారికి అదనంగా ఇమ్మర్షన్ దక్కుతుంది. హాట్ ప్రెస్ అనే అల్మరాలో నీళ్ళ సిలిండరు, దాని పక్కన స్విచ్చి, ఆ స్విచ్చికి 'సింక్', 'బాత్' అని రెండు గుర్తులు. సింక్ అంటే పైనున్న కాసిని నీళ్ళే కాగుతాయి, బాత్ అంటే సిలిండరంతా. రాత్రంతా బాత్ మీద వదిలేసి పడుకోవడం ఐరిష్ ఇళ్ళలో క్షమించరాని నేరం. అత్తగారు ఇండియా నుంచి వచ్చిన నెలలో మాత్రం ఆ స్విచ్చి జోలికి వెళ్ళే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఇన్నాళ్ళూ దాచిన లోపాలన్నీ ఒక్కసారిగా బయటపడే సందర్భం లోకల్ ప్రాపర్టీ ట్యాక్స్. ఇంటి విలువ ఎంతో యజమానే అంచనా వేసి రెవెన్యూ వారికి చెప్పుకోవాలి. బంధువుల గ్రూపులో "మా ఏరియాలో రేట్లు మండిపోతున్నాయి బావా" అని ఫొటోలు పెట్టినవాడికే ఆ సాయంత్రం బూజు మచ్చా, వంకర తలుపూ, ఈశాన్యం మరుగుదొడ్డీ వరసగా గుర్తొస్తాయి.