డెబ్భై అయిదు గంటల పుణ్యం

పుణ్యమూ పురుషార్థమూ ఒకే దెబ్బకు సాధించే ఉపాయం మన పెద్దలకు తట్టలేదు గానీ అమెరికా హైస్కూళ్లకు తట్టింది. మేరీలాండ్ రాష్ట్రం 1992లోనే కట్టడి చేసింది: పబ్లిక్ స్కూలు డిప్లొమా చేతికి రావాలంటే 75 గంటలు సేవ చెయ్యాల్సిందే. స్వచ్ఛంద సేవను తప్పనిసరి చెయ్యడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

ముందు సన్నాహం, తర్వాత సేవ, ఆపైన ఆత్మపరిశీలన అన్నది స్కూలువాళ్లు పెట్టిన వరస. అక్కడి మన తెలుగు పిల్లలు చురుకైనవాళ్లు, ఆత్మపరిశీలన ముందే రాసి పెట్టుకుంటారు.

సేవను పిల్లల కెరీర్ ఆసక్తికి ముడిపెట్టడం ఉంది చూశారూ, అసలు తెలివంతా అక్కడే ఉంది. వెనకటికి ఎదుటివాడికి ఏం కావాలో కనుక్కునే అవస్థ ఉండేది. ఇప్పుడు బాబు ఏం కావాలనుకుంటున్నాడో తెలిస్తే చాలు. కాబోయే డాక్టరు వృద్ధాశ్రమానికి వెళ్లి ఒక తాతగారికి బీపీ చూస్తాడు. మధ్యాహ్నం ఇంకో కాబోయే డాక్టరొచ్చి అదే తాతగారికి మళ్లీ చూస్తాడు. ఆ బీపీని ఫోనులో ఎక్కించుకునే యాప్ తయారు చేస్తుంది కంప్యూటర్ సైన్సు అమ్మాయి. తాతగారికి స్మార్ట్‌ఫోను లేకపోవడం ఆయన లోపమే. డబ్బాలు మోసే మనుషులు కావాలని ఫుడ్ బ్యాంకు మొత్తుకుంటూనే ఉంటుంది. ఏం చేస్తాం, డబ్బాలు మొయ్యడంలో డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ లేదాయె.

కాలేజీ సీటు కోసం నింపే కామన్ యాప్ దరఖాస్తులో హోదాకు 50 అక్షరాలు, చేసిన పనికి 150 అక్షరాలు చోటిస్తారు. 150 నిండకపోయినా ఫరవాలేదు, ఆ 50లో 'ఫౌండర్ అండ్ ప్రెసిడెంట్' పడితే చాలు. అందుకే మనవాళ్లలో ఇంటికో లాభాపేక్ష లేని సంస్థ వెలుస్తోంది. నాన్న కోశాధికారి, అమ్మ కార్యదర్శి. లాభాపేక్ష మాటెత్తితే కళ్లు పోతాయి.

జూలైలో సెలవులకు వచ్చినప్పుడు ఈ సేవ మన ఊళ్ల మీదికీ పొంగుతుంది. న్యూరోసర్జన్ కాదలచుకున్న ఒక బాబు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆరో తరగతికి మెదడు నిర్మాణం గురించి అమెరికా ఇంగ్లీషులో వివరించాడు. పిల్లలు చప్పట్లు బాగా కొట్టారు. హెడ్మాస్టరు గారు మెల్లిగా వాళ్ల నాన్నని పక్కకి పిలిచి, "ఆడపిల్లల బాత్రూం తలుపుకి గడియ ఊడిపోయిందండీ, కాస్త చూస్తారా?" అన్నారు. వడ్రంగం బాబు ఆసక్తుల్లో లేదు మరి. ఫ్లెక్సీ ముందు ఫొటో దిగి బయల్దేరారు. హైదరాబాదు నుంచి కారు ప్రయాణంతో కలిపి ఎనిమిది గంటల సేవ పద్దుకెక్కింది. చిత్రగుప్తుడికి కూడా అంత ఉదారమైన చెయ్యి లేదు.

కాలేజీలో సీటు రాగానే బాబు సంస్థ మూతపడిందని దెప్పేవాళ్లు ఉంటారు, నమ్మకండి. అధ్యక్ష పీఠం చెల్లెలికి దక్కింది. ఆ అమ్మాయికి ఫైనాన్సంటే మక్కువ. అదే వృద్ధాశ్రమంలో వచ్చే వారం నుంచి తాతగార్లకూ మామ్మగార్లకూ క్లాసులు మొదలు: రిటైర్మెంటు కోసం ఇప్పటినుంచే ఎలా పొదుపు చెయ్యాలో నేర్పుతుందట.