ముందు ఇప్పినోడు ఎవుడు?

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి వెంట రేకుల షెడ్లలో పనిచేసే మోటారు మేస్త్రీలందరినీ బయటివారు ఒకే గాటన కడతారు గాని, వారిలో ఇంజను విప్పేవాడు, కరెంటు చూసేవాడు, డెంటింగు కొట్టేవాడు అనే శాఖాభేదాలు స్పష్టంగా ఉన్నాయి; ఈ శాఖలన్నీ చేతులెత్తేసినప్పుడు కబురు వెళ్ళేది మాత్రం మరొకరికి. ఊడిరాని బోల్టును ఊడదీయడమే వృత్తిగా, ఊడదీశాక దాని గురించి మాట్లాడడమే ప్రవృత్తిగా బతికే ఈ మనిషిని కూడా షెడ్లలో ‘మేస్త్రీ’ అనే పిలుస్తారు, కానీ ఆ పిలుపు చివర మిగతావారికి దక్కని దీర్ఘం ఒకటి ఇతడికి దక్కుతుంది.

ఇతడి పుట్టుకకు కారణం ఈ ప్రాంతపు గాలిలోనే ఉంది. బోల్టు ఒంటి చుట్టూ మెలికలు తిరిగే గాడిని మర అంటారు. బోల్టు మరకూ నట్టు మరకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటుంది, ఇనుముకు పట్టిన తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక ఆ సందు పూడిపోయి రెండూ ఏకఖండమవుతాయి. సముద్రపు ఉప్పుగాలి ఈ పనిని తొందరపెడుతుంది. నౌపడా ఉప్పు మడుల నుంచి బస్తాలు మోసే లారీల సంగతి చెప్పనక్కరలేదు. ఇంజను హెడ్డు, అంటే సిలిండర్ల మీద మూతలా కూర్చునే భాగం, అల్యూమినియంతో చేసినదైతే మరో చిక్కు వస్తుంది: ఉక్కు బోల్టూ అల్యూమినియమూ తడి తగిలితే బ్యాటరీలోని పలకల్లా ప్రవర్తించి, అల్యూమినియం తెల్లని పొడిగా పొంగి బోల్టును పట్టేస్తుంది. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపానులు మేస్త్రికి శకపురుషుల వంటివి. బండి ఏ సంవత్సరం కొన్నారని అతడు అడగడు, ఏ తుపానులో తడిసిందని అడుగుతాడు.

రాగానే పానా పట్టడు. పానా పట్టడం ఆఖరి అంకం. ముందు చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ ప్రదక్షిణ చేస్తాడు, సెల్‌ఫోను లైటు వేయించుకుని లోపలికి తొంగిచూస్తాడు, బోల్టు తలను బొటనవేలితో ఒకసారి తడుముతాడు, ఆ తర్వాత యజమాని వైపు తిరిగి, పెళ్ళిచూపుల్లో గోత్రం అడిగినంత నెమ్మదిగా, “ముందు ఇప్పినోడు ఎవుడు బాబూ?” అంటాడు. ఈ ప్రశ్నకు జవాబు అక్కరలేదు. ఎవరి పేరు చెప్పినా మేస్త్రి ఒక్కటే తల ఊపు ఊపి, “12కి 13 ఏసి తిప్పీసినాడు” అని తీర్పు చెబుతాడు. యజమాని ఇంట్లోనే ప్రయత్నించి, చివరికి పట్టకారుతో పట్టి లాగిన సందర్భాల్లో ఈ తీర్పు వినేటప్పుడు అతడి చూపు టైర్ల మీదికి మళ్ళుతుంది.

తీర్పులో శాస్త్రం లేకపోలేదు. ఆరు మూలల బోల్టు తలకు ఒక మిల్లీమీటరు పెద్ద పానా వేస్తే, బలమంతా పలకల మీద పడకుండా మూలల మీద పడి అవి అరిగి తల గుండ్రమవుతుంది; ఆ తర్వాత సరైన పానా వేసినా జారుతూనే ఉంటుంది. ఒకే లావు బోల్టుకు వేర్వేరు దేశాలు వేర్వేరు తలలు పెట్టడంతో పొరపాటు మరింత సులువైంది: 8 మిల్లీమీటర్ల బోల్టుకు జపాను సంప్రదాయం పాటించే మారుతీలలో 12 పానా పడితే, జర్మనీ కొలత పాటించే బండ్లలో 13 పడుతుంది. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్‌కు అంగుళాల పానాలు కావాలి. మేస్త్రి వీటిని పుస్తకంలో చదవలేదు. సాలూరు లారీ షెడ్లలో నేర్చానని చెప్పుకుంటాడు. 2022 ఏప్రిల్‌లో సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయినా, ఇతడి విద్యార్హత మాత్రం ఇంకా విజయనగరం జిల్లా లెక్కలోనే ఉంది.

బోల్టు మొండిదైతే ఒక కష్టం, అందనిదైతే వేరొక కష్టం. గేరుబాక్సును ఇంజనుకు కలిపే పై బోల్టులు, సెల్ఫు మోటారు వెనక బోల్టు కంటికి కనిపించవు. వాటిని వేలికొసలతో చూడాలి. వాచీ, ఉంగరం తీసి జేబులో వేసుకుని, చెంప రేడియేటరుకు ఆనించి, కళ్ళు మూసుకుని చేయి లోపలికి దూర్చిన మేస్త్రిని దూరం నుంచి చూసినవారు ఇంజను గుండెచప్పుడు వింటున్నాడనుకుంటారు. ఎక్స్‌టెన్షన్ రాడ్డుకు రాడ్డు తగిలించి, మధ్యలో అటూ ఇటూ వంగే జాయింటు పెట్టి, మూరెడు దూరం నుంచి బోల్టును పట్టుకుంటాడు. తిరిగి బిగించేటప్పుడు జారిపోకుండా సాకెట్టులో, అంటే బోల్టు తలకు టోపీలా తొడిగే గొట్టంలో, కాస్త గ్రీజు పెట్టి బోల్టును అంటిస్తాడు. ఈ స్థితిలో అతడిని ఎవరూ ప్రశ్నలడగకూడదు. అయినా అడుగుతారు.

ఎందుకంటే ఊడని బోల్టు ఉన్నచోట సభ ఏర్పడుతుంది. పొందూరు ఖద్దరు చొక్కా మసి కాకుండా వంగిన రిటైర్డు మాస్టారు పైపు వేయమంటారు: అడుగు పానాకు పైపు తొడిగి మూడడుగులు చేస్తే అదే చేతికి మూడు రెట్ల మెలిక బలం వస్తుందన్న ఆయన లెక్క సరైనదే గాని, మొండి బోల్టు ఆ బలానికి ఊడదు, విరుగుతుంది. టీకొట్టు యజమాని కిరసనాయిలు పోయమంటాడు. లారీ డ్రైవరు మాత్రం, పాత లారీలు కొన్నింటిలో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉండడం తెలియని కుర్రాడొకడు వాటిని విప్పుతున్నాననుకుని పొద్దంతా బిగించిన వృత్తాంతాన్ని ప్రతిసారీ వేరే ఊరి పేరుతో చెబుతాడు.

మేస్త్రి పద్ధతి ఈ సభకు బొత్తిగా రుచించదు, ఎందుకంటే అందులో సగం ఏమీ చేయకుండా ఉండడమే. నూనె వేస్తాడు, సుత్తితో బోల్టు తల మీద టకటక కొడతాడు, ఆ అదురుకు తుప్పు చిట్లి నూనె లోపలికి దిగుతుందని తెలుసు కనుక, “నాననీ బాబూ” అని టీకి వెళ్ళిపోతాడు. వచ్చాక విప్పవలసిన బోల్టును ముందు పిసరంత బిగిస్తాడు. యజమాని గుండె గొంతులోకి వచ్చేది ఇక్కడే. బిగువు దిశలో కదిలినా తుప్పు పట్టు తెగుతుంది, తర్వాత అటూ ఇటూ ఊపుతూ బయటికి రప్పించవచ్చు. అప్పటికీ రాకపోతే చుట్టుపక్కల వేడి చేస్తాడు, అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం కాస్త వదులవుతుంది.

ఇంతా చేసినా ఒక్కోసారి ‘టిక్’మని చిన్న శబ్దం వినబడి బోల్టు తల మేస్త్రి చేతిలోకి వస్తుంది. అతడు విరిచానని ఏనాడూ అనడు. “నోపల ముందే కాట్లిపోయినాది” అంటాడు, విరిగిన ముక్కను సాక్ష్యంగా యజమాని అరచేతిలో పెడతాడు. మొండెం పైకి కనిపిస్తుంటే దానిమీద నట్టు పెట్టి వెల్డింగు చేస్తాడు. నట్టు చల్లారాక దాన్ని తిప్పితే, వెల్డింగు వేడికి తుప్పు పట్టు సడలిన మొండెం చాలాసార్లు బుద్ధిగా వచ్చేస్తుంది. మొండెం లోపలే ఉండిపోతే నడిమధ్యలో డ్రిల్లు వేసి, ఎడమ మెలిక ఉన్న ఎక్స్‌ట్రాక్టరు దింపాలి. ఈ పరికరమంటే అతడికి భయం, బయటికి అనడు: అది గట్టి ఉక్కు, రంధ్రంలో విరిగితే మామూలు డ్రిల్లు దాన్ని కొరకదు, ఇంజనును లేతు షాపుకు మోసుకెళ్ళాలి. ఆ రోజు మేస్త్రి జాతకం బాగోలేదని షెడ్డంతా ఒప్పుకుంటుంది.

బోల్టు ఊడిన క్షణంలో అతడు నవ్వడు. మరను గుడ్డతో తుడిచి, వెలుతురుకెత్తి చూసి, కొత్త బోల్టు తెమ్మంటాడు. దాని ధర టీ ఖర్చు కన్నా పెద్దగా ఉండదు, కూలి మాత్రం చాలా రెట్లుంటుంది. ఇక్కడే యజమానులు బేరానికి దిగుతారు. పాఠకులు ఆ పని చేయవద్దు. చేతిలో సరైన పానా లేనప్పుడు బోల్టు జోలికి పోకుండా, తల గుండ్రం కాకముందే ఇతడికి కబురు పెడితే కూలి సగానికి తగ్గుతుంది. పట్టకారుతో లాగి చూశాక పిలిచేట్టయితే అడిగినంతా ఇచ్చి, టీ కూడా తెప్పించండి.