సింధూరవృక్షాన్వేషణము

మా వేటపాలెమున చెట్లను గూర్చి తెలిసినవారికి కొదువ లేదు గాని, ఆ తెలివి యంతయు జీడిమామిడితో మొదలై సరుగుడుతో ముగియును. మొదటిది అమ్ముకొనుటకు, రెండవది పొయ్యిలోనికి. ఈ రెండింటికిని కొరగాని వృక్షమును వృక్షమని యొప్పుకొనుటకే మావారు సంశయింతురు. ఇట్టి యూర బుట్టిన నాకు, ఓకుచెట్టును జూడక చావరాదన్న కోరిక కలుగుటకు సారస్వత నికేతనమే కారణము. 1918లో స్థాపితమై, 1929లో గాంధీగారిచేత శంకుస్థాపన చేయించుకొన్న ఆ గ్రంథాలయమున కూర్చుండి నేను నాలుగు వేసవులు ఆంగ్లనవలలు చదివితిని. వానిలో నాయిక యేడ్చినను ఓకు క్రిందనే, నాయకుడలిగినను ఓకు క్రిందనే, తుదకు ముసలి ప్రభువును పూడ్చిపెట్టినను ఓకు క్రిందనే. రావి క్రింద బుద్ధునికి జ్ఞానమబ్బినట్లు, ఓకు క్రింద గూర్చున్నచో నాకును ఏదో యొకటి యబ్బకపోదని నమ్మితిని. జబ్బు ముదిరి, అచ్చట పదిలపరచిన గాంధీగారి చేతికర్రను జూచినప్పుడు సైతము, భక్తికి మారుగా, ఇది యే చెట్టు కొమ్మయో యన్న సందేహమే ముందు కలిగినది.

నిఘంటువు తిరుగవేయగా ఓకనగా సింధూరవృక్షమని యున్నది. ఇక నేమి, పేరు దొరికిన పిమ్మట చెట్టు దొరకుటెంత సేపని బయలుదేరితిని. పూజారిగారు, "సింధూరమా? ఆంజనేయస్వామి గుళ్లో కావలసినంత ఉంది, గిన్నె తెచ్చుకోండి," అనిరి. రంగులద్దకపు పెద్దాయన యొకరు తమ దొడ్డిలోని జాఫ్రా చెట్టును జూపి, అదియే సింధూరమని బల్లగ్రుద్ది, నమ్మకము కుదురుటకై దాని గింజలు నలిపి నా తెల్లచొక్కాకు పూసిరి. ఆ చొక్కా నేటికిని సాక్ష్యము చెప్పుచున్నది.

అట్టి దశలో మా అన్నగారి కుమారుడు, "ఈడ ఏముంటై బాబాయ్, అరకు పోయి చూడు. కాఫీతోటల్లో సిల్వర్ ఓకులు బారులు తీరి ఉంటై," అని నా చెవిలో అమృతము పోసెను. విశాఖపట్టణమున కిరండూలు బండి యెక్కి, సొరంగములలో చీకటిని, సొరంగముల నడుమ లోయలను దిగమ్రింగుచు పోయి చూతును గదా, నిజమే! తాడిచెట్టువలె నిటారుగా నిలిచి, మిరియపు తీగలను మేననల్లుకొని, కాళ్లకడ కాఫీమొక్కలకు నీడ పట్టుచున్న వృక్షరాజములు వందలకొలది! ఒకదానిని కౌగిలించుకొంటిని, చీమలు కుట్టినవి. దాని క్రింద గంటసేపు గూర్చుంటిని. జ్ఞానమునకు మారుగా తుంపర పడినది. అయినను, పైన పచ్చగా, అడుగున వెండిపూత పూసినట్లుండి, అంచులు చీలికలు చీలికలైన యా ఆకు నొకదానిని తుండుగుడ్డలో మడిచి, గంగాజలము తెచ్చు కాశీయాత్రికునివలె ఇల్లు చేరితిని.

మా వీథిలో వృక్షశాస్త్రము బోధించి విశ్రాంతి పొందిన మేష్టారొకరు కలరు. మా యరుగుపై గూర్చుండి ఆకును అరనిమిషము చూచి, "ఇదేందయ్యా?" అనిరి.

"ఓకాకు, మేష్టారూ."

"దీని కాయకి గిన్నె ఉందా?"

"గిన్నె యేమిటండీ?"

"అయితే కాదు," అని ఆకును నా యొడిలో పడవేసిరి.

పిదప వారు సెలవిచ్చిన దాని సారమిది. ఓకును ఆకును బట్టి పోల్చువాడు మోసపోవును. నవలల బొమ్మలలోని వంకరటింకర యంచుల ఆకు చలిదేశపు ఓకులది. ఉష్ణమండలపు కొండలమీది ఓకులు పెక్కింటికి ఆకు మన మామిడాకువలె నిండుగా, నునుపుగా నుండును. దక్షిణ అమెరికా ఖండమంతటికిని సహజముగా గల ఓకుజాతి యొక్కటే. కొలంబియా దేశపు ఆండీస్ పర్వతములపై, 3,000 మీటర్ల యెత్తువరకు, మంచుతెరలలో పెరుగును. హంబోల్టు పండితుని వెంట నడచిన బోన్‌ప్లాన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1809లో దానికి తన మిత్రుని పేరే పెట్టెను. బొగ్గుకును కలపకును విచ్చలవిడిగా నరుకగా, 1974లో దానిని కొట్టరాదని అచ్చటివారు శాసించవలసి వచ్చెను. దాని యాకును అరకునుండి నేను తెచ్చిన యాకుతో పోల్చినచో చుట్టరికము మాట యటుండ, ముఖపరిచయమైనను లేదు. పోలికపట్టవలసినది కాయను: మన జీడిగింజ పండు క్రింద గబ్బిలమువలె వ్రేలాడును; ఓకుగింజ చిన్న గిన్నెలో పీటవేసికొన్న పెండ్లికొడుకువలె గూర్చుండును. గిన్నె గలదే ఓకు. నేను కౌగిలించుకొన్నది ఆస్ట్రేలియానుండి వచ్చిన వేరు కుటుంబపు చెట్టు. దక్షిణదేశపు కొండలలో సహజముగా బుట్టిన ఓకు ఒక్కటియు లేదు.

"మరి దానిని ఓకనుటయేల?" అని నేను కంటతడితో నడిగితిని.

"ఇంటిమీద బెంగయ్యా! తెల్లవాడు దిగిన ప్రతి రేవులోనూ వాడికి ఓకే కనపడింది. ఆస్ట్రేలియాలో మన సరుగుడు జాతిని షీ ఓక్ అన్నాడు. స్పెయిన్‌వాడు మాత్రం తక్కువా? ఓకుకీ రోబ్లేనే, మనవాళ్లు రోడ్ల పక్కన నాటే గులాబిరంగు టబేబుయాకీ రోబ్లేనే. ఇక అమెరికాలో తాకితే బొబ్బలెక్కించే పాయిజన్ ఓక్ ఉంది చూడూ, అది సాక్షాత్తూ మన జీడి కుటుంబం!"

జీడి కుటుంబము! పచ్చిజీడి తొక్కలోని నూనె చేతులను పొక్కించుట మా యూరి ఆడువారికి నిత్యానుభవము. ఒక పేరుదొంగ మా యూరి సముద్రతీరమున ఈలలు వేయుచుండగా, వేరొకని మేనత్త కొడుకు మా జీడితోటలలో కాపుకాయుచుండగా, నేను టిక్కెట్టు కొనుక్కొని అరకు పోయినందుకు నాకు నాపైననే జాలి కలిగెను.

ఇంతలో, పసివాని నాలుకకు మందు రాయుటకై లోపల సానరాయి ముందు గూర్చున్న మా యమ్మ, "ఒరేయ్, ఊళ్లు తిరిగింది చాల్లే గానీ, మాచికాయ అరిగిపోయింది, కొట్టుకి పోయి తీసుకురా!" అని కేకవేసెను.

మేష్టారు చేతిలోని కాఫీగ్లాసు క్రింద పెట్టి, పొట్ట పట్టుకొని నవ్వసాగిరి. మాచికాయ యనునది కాయయే కాదట. పశ్చిమాసియాలోని ఒకానొక ఓకుచెట్టు లేతకొమ్మలో చిన్న కందిరీగ గ్రుడ్డు పెట్టగా, ఆ గాయము చుట్టును చెట్టు కట్టుకొన్న కణితి యట. ఆ వగరంతయు ఓకు వగరే. అన్నభేదితో కలిపి దానితోనే ఐరోపావారు వందలయేండ్లు సిరా చేసికొనిరట. అనగా, నా నవలల నాయికలు క్రింద గూర్చుండి యేడ్చిన వంశమును నేను మాటలు రాకమునుపే, ఏడ్చుచు, నాకియుంటిని.

కొట్టునకు పోయితిని. ఓకును చూడగోరు పాఠకులకు అరకు ప్రయాణముకంటె ఇది చౌక గనుక కొనుటలోని మెలకువ చెప్పుచున్నాను: నల్లగా, బరువుగా, రంధ్రము లేనిదే మేలురకపు మాచికాయ, రంధ్రమున్నచో లోపలి కందిరీగ యెన్నడో యెగిరిపోయినదని యర్థము.