సూర్యాపేటలో కూర్చుని గెలాక్సీ మీద వ్యాసం రాయడం ఎలా?

వికీపీడియాలో కొత్తగా ఖాతా తెరిచారు. ఏం రాయాలో తోచక మీ ఊరి పేజీ వైపు చూస్తున్నారు. వద్దు. సూర్యాపేట గురించి రాసింది చదివేవాళ్లు సూర్యాపేటలోనే ఉంటారు. వాళ్లకు మీ ఇల్లు తెలుసు. "గంతమంది పేర్లు రాసినవ్, మా పెదనాయన పేరు యాదికి రాలేదా?" అని పొద్దున్నే ఫోను వస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల గురించి రాస్తే "ఈ లెక్క ఎక్కడిది?" అని ఒకరు, "మా మిల్లేది?" అని ఇంకొకరు. అందుకని గెలాక్సీ పట్టుకోండి. ఆండ్రోమెడా గెలాక్సీ నుంచి ఇప్పటిదాకా ఎవరూ ఫోను చేయలేదు. చేసినా ఆ మాట ఇక్కడికి చేరడానికి 25 లక్షల ఏళ్లు పడుతుంది.

ఇంకో సుఖం, గెలాక్సీలకు జిల్లాల పునర్విభజన లేదు. 2016 అక్టోబరు 11న తెల్లారేసరికి సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వెళ్లాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. మంత్రులు రిబ్బన్లు కత్తిరించి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఊరూరి పేజీ తెరిచి జిల్లా పేరు, పటం, వర్గం, మూస మార్చుకుంటూ కూర్చున్నది మాత్రం రూపాయి జీతం లేని తెలుగు వికీపీడియా రచయితలే. వాళ్లంటే నాకు నిజంగా గౌరవం. అందుకే మీ మంచి కోరి చెప్తున్నా. ఆకాశంలో జీవోలు రావు.

ముందుగా శీర్షిక. ఉత్త "గెలాక్సీ" అని పెట్టారా, మిర్యాలగూడ పాఠకుడు ఫోను ధర కోసం వెతుకుతాడు. ఇల్లు కట్టుకుంటున్న కోదాడ పాఠకుడికి చీమకుర్తి గ్రానైటు గుర్తొస్తుంది, నల్లరాయిలో మెరుపు చుక్కలుండే ఆ రకం పేరు కూడా బ్లాక్ గెలాక్సీయే. ఇలాంటి చిక్కులకు వికీపీడియాలో "అయోమయ నివృత్తి" అనే పేజీ ఉంటుంది. ముందు దాన్ని సృష్టించండి. అయోమయం పోతుందని కాదు, మీ ఖాతాలో ఒక పేజీ చేరుతుందని.

తర్వాత దూరం. అసలు కష్టమంతా ఇక్కడే. కోదాడ ఎంత దూరమని బస్టాండులో అడిగితే మనవాళ్లు కిలోమీటర్లు చెప్పరు, "గంటలోపే" అంటారు. దూరాన్ని కాలంతో కొలిచే ఈ విద్య మనకు పుట్టుకతో వచ్చింది. అయినా కాంతి సంవత్సరం దగ్గరికి వచ్చేసరికి తడబడి, "ఈ గెలాక్సీ ఎన్నో కాంతి సంవత్సరాల క్రితం పుట్టింది" అని రాసేస్తాం. అలాగే రాయండి, ఎవరో ఒకరికి దిద్దే పని దొరుకుతుంది. ఒక కాంతి సంవత్సరమంటే దాదాపు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఇంగ్లిషు బిలియన్‌ను కోట్లలోకి మార్చేటప్పుడు ఒక సున్నా అటూ ఇటూ అయితే దిగులు పడకండి. పెద్దవాళ్లకే తప్పలేదు. ఆండ్రోమెడా మన పాలపుంతలో భాగం కాదని, బయట ఉన్న వేరే గెలాక్సీ అని 1920లలో తేల్చిన ఎడ్విన్ హబుల్ లెక్కలో దాని దూరం దాదాపు 9 లక్షల కాంతి సంవత్సరాలు. ఇప్పటి లెక్క 25 లక్షలు. ఆయన దూరానికి కొలబద్దగా పెట్టుకున్న సెఫీడ్ నక్షత్రాల్లో రెండు రకాలున్నాయని 1950లలో గానీ బయటపడలేదు. అంటే ఆయన కాలంలో ఈ వ్యాసం రాసి ఉంటే మూలంతో సహా తప్పు రాసేవాళ్లం. నిబంధనల ప్రకారం అదే ఒప్పు.

మూలం అంటే గుర్తొచ్చింది. నవంబరు రాత్రి తొమ్మిదింటికి హైవే దీపాలూ మిల్లు లైట్లూ దాటి పొలాల్లోకి వెళ్లి, నడినెత్తికి కాస్త ఉత్తరంగా చూడండి. ఉత్త కంటికే ఆండ్రోమెడా మసకగా కనబడుతుంది. చూశారా? సంతోషం. ఆ మాట వ్యాసంలో రాయకండి. సొంత పరిశోధన నిషిద్ధం. మీ రెండు కళ్లూ విశ్వసనీయ మూలాలు కావు. కాదని రాస్తే పక్కన "ఆధారం చూపాలి" అని చిన్న అక్షరాల్లో తగిలిస్తారు.

సంఖ్య మీద మోజుంటే 1888లో ఖగోళ శాస్త్రవేత్త డ్రేయర్ అచ్చువేసిన ఎన్‌జీసీ అనే ఖగోళ వస్తువుల జాబితా తెరవండి. 7,840 వస్తువులు. "ఎన్‌జీసీ ఫలానా ఒక గెలాక్సీ. ఇది ఆకాశంలో ఉంది." ఇంతే, మొలక వ్యాసం సిద్ధం. అంకె మార్చుకుంటూ పోవడమే. వాటిలో కొన్ని నక్షత్ర గుచ్ఛాలు, కొన్ని నెబ్యులాలు, కొన్ని ఉత్త నక్షత్రాలు, కొన్ని ఒకే వస్తువు రెండుసార్లు ఎక్కినవి. అదంతా పట్టించుకుంటే వేగం తగ్గుతుంది. ఏదో ఒక జాబితాలో ఉన్నంత మాత్రాన ఖగోళ వస్తువుకు ప్రత్యేక వ్యాసం అక్కర్లేదని ఇంగ్లిషు వికీపీడియావాళ్లు నియమం పెట్టుకున్నారు. వాళ్లకేం, ఎన్నైనా పెట్టుకుంటారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన మన వికీపీడియా లక్ష వ్యాసాలు దాటింది. రెండో లక్షకు ఎన్‌జీసీయే దగ్గరి దారి.

బొమ్మ సమస్యే కాదు. నాసా బొమ్మలు చాలావరకు ఎవరైనా వాడుకోవచ్చు. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి గుళ్ల ఫొటో కావాలంటే మాత్రం లేచి బండి తీయాలి, ఎండ చూసుకోవాలి, శాసనం మీద ఆరేసిన చీర పక్కకు తీయమని ఎవరినో బతిమాలాలి. కోట్ల కోట్ల మైళ్ల అవతలిది కూర్చున్నచోటికే వస్తుంటే ఊరవతలికి ఎవరు పోతారు?

భారతీయత కావాలంటారా, సరస్వతి ఉంది. పుణె శాస్త్రవేత్తలు 2017లో ప్రకటించిన గెలాక్సీల మహా గుచ్ఛం, దాదాపు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరం, మీన రాశి దిక్కున. ఆ చివరి ముక్క మాత్రం మెల్లగా రాయండి. మీన రాశివారికి ఈ ఏడాది ఫలితాలేమిటని చర్చా పేజీలో ఎవరో తప్పక అడుగుతారు.

చివరగా మీ ఆండ్రోమెడా వ్యాసాన్ని తాజా చేయండి. ఆండ్రోమెడా మన పాలపుంతను దాదాపు 400 కోట్ల ఏళ్లలో ఢీకొట్టి తీరుతుందని 2012లో నాసా ప్రకటించింది, మీరూ రాసేశారు. 2025లో వచ్చిన పరిశోధన, వచ్చే 1,000 కోట్ల ఏళ్లలో అది జరిగే అవకాశం సుమారు సగమే అంటోంది. "ఢీకొంటుంది"ని "ఢీకొనవచ్చు"గా దిద్దండి. దిద్దుబాటు సారాంశంలో "అచ్చుతప్పు సవరణ" అని రాయండి, ఎవరూ అడగరు.