ఫ్రమ్ అడ్రసు

నేను చేనేత చీరనని ఎవరి దగ్గరా కోతలు కోయను. సూరత్ చీరని. పుట్టుక పాలిస్టర్, పిలుపు జార్జెట్. పెట్రోలియంలోంచి దారంగా వచ్చి, మరమగ్గం మీద రంగూ రూపూ లేని గ్రే గుడ్డగా దిగి, అద్దకం మిల్లులో మునిగి, లేసు కుట్టే మిషను కిందికి వెళ్తే గానీ చీర అనిపించుకోలేదు. మా ఊరికి తెలుగు కొత్తేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలీలు లింబాయత్ వైపు తరాలుగా కాపురాలుంటున్నారు. నేసే చేతుల భాష తెలుసు. ఇక కట్టుకునే చేతులు ఏ ఊరివో చూడాలి.

జాకెట్టు గుడ్డతో కలిపి ఆరు మీటర్ల ముప్పై. కొలతలో మోసం లేదు. పేచీ అంతా రంగుతోనే. నేను వంకాయ రంగు. కానీ ఫొటో తీసింది నన్ను కాదు, నా కట్టలోనే ఉన్న ఇంకోదాన్ని. మోడల్‌కి కట్టి, లైట్లు కొట్టి, ఆపైన ఫోన్లో ఏదో దిద్దేసరికి అది నేరేడు పండులా నిగనిగలాడింది. నేను గోడౌన్లో ప్లాస్టిక్ కవరులో పడుండగానే ఆ ఫొటో సూరత్ దుకాణం వాట్సాప్ గ్రూపులోంచి హైదరాబాద్ గ్రూపుకి, అక్కడి నుంచి విజయవాడ గ్రూపుకి, చివరికి తాడేపల్లిగూడెంలో ఒక లెక్కల టీచరమ్మ స్టేటస్‌లోకి చేరింది. గడప గడపకీ ధర పెరిగింది. మొదటి ధరెంతో చెప్పను, పుట్టింటి సంగతులు బయట పెట్టకూడదు. టీచరమ్మ దాకా వచ్చేసరికి నేను 310.

ఆవిడది ఎండాకాలం సెలవులకి జీతం ఇవ్వని ప్రైవేటు స్కూలు. ఆ రెండు నెలలూ ఎలా గడపాలా అని ఫోన్లో వెతుకుతుంటే 'పైసా పెట్టుబడి లేకుండా ఇంట్లోంచే సంపాదన' అని ఒక కుర్రాడు రీల్‌లో ఊదరగొట్టాడట. దాన్నే డ్రాప్ షిప్పింగ్ అంటారన్నాడు. సరుకు ఒకరి గోడౌన్లో, అమ్మకం ఇంకొకరి ఫోన్లో, కొనేవాళ్ళు మూడో ఊళ్ళో. ఆర్డరు వచ్చాకే సరుకు కొంటాం గనక మిగిలిపోతుందన్న భయం ఉండదు. ఇంతవరకూ నిజమే. మిగతాది నేర్పడానికి ఆ కుర్రాడు కోర్సు అమ్ముతాడు. ఈ వ్యాపారంలో రిటర్న్ లేని సరుకు అదొక్కటే.

టీచరమ్మ స్టేటస్ కింద రోజూ ఒకటే గోల. 'అక్కా ప్రైస్ ప్లీజ్.' 'సింగిల్ పీస్ ఇస్తారా అక్కా?' 'ఇదే కలర్ వస్తుందా?' ఆ చివరి ప్రశ్నకి ఆవిడ 'ఫొటోలో ఉన్నట్టే ఉంటుందండి' అని కొట్టేది. నన్ను చూసిందా, ముట్టుకుందా? పైవాళ్ళు ఆవిడకి చెప్పిన మాటే ఆవిడ కిందికి చెప్పింది. ఆ పైవాళ్ళు మాత్రం ఎక్కడ చూశారు గనక?

సిద్దిపేట నుంచి ఒకామె నన్ను అడిగింది. 550, ఫ్రీ షిప్పింగ్, డబ్బులు ఇంటి దగ్గరే. ఫ్రీ అని రాస్తారు గానీ కొరియర్ 80 టీచరమ్మదే. 310, 80 కలిపి 390. మిగులు 160. లెక్కల టీచరు కదా, నోటుబుక్కులో గీత కొట్టి మరీ వేసుకుంది. ఆ పక్కనే ఇంకో లెక్క కూడా రాసుకోవాల్సింది. విజయవాడ గ్రూపు వాడికి 310 ముందే కొట్టాలి. కొనేవాళ్ళ దగ్గర కొరియర్ వసూలు చేసిన డబ్బు వారం పది రోజులకి గానీ ఖాతాలో పడదు. వారంలో ఇరవై ఆర్డర్లు వస్తే ఆరు వేల పైచిలుకు సొంత జేబులోంచి తిరుగుతూ ఉండాలి. పైసా పెట్టుబడి లేదన్న రీల్‌లో ఈ ముక్క ఉండదు.

గోడౌన్లో నా కవరు మీద లేబుల్ అంటించారు. టు: సిద్దిపేట. ఫ్రమ్: టీచరమ్మ పేరు, తాడేపల్లిగూడెం అడ్రసు. నేను ఆ ఊరు మొహం చూసిందే లేదు, అయినా అక్కడి నుంచే బయల్దేరినట్టు రాశారు. సొంత దుకాణం ఉన్నట్టు కనపడాలంటే అలాగే రాయించుకుంటారట. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. ఆ రెండు ముక్కలే తర్వాత నా గతి మార్చాయి.

సిద్దిపేటలో డెలివరీ కుర్రాడు గేటు ముందు బండాపి కేకేశాడు. తలుపు తీసింది ఆమె కాదు, భర్త. "ఎవలు పెట్టిండ్రు ఆర్డరు? మాకేం వద్దు, తీస్కపో." లోపల్నుంచి ఆమె గొంతు వినపడలేదు. కుర్రాడు మర్నాడు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మళ్ళీ చేస్తే స్విచ్ఛాఫ్. కవరు మీద ఆర్టీఓ అని కొట్టేశారు. అంటే రవాణా ఆఫీసు కాదు లెండి, పంపినచోటికే వాపసు. పంపినచోటు ఏది? లేబుల్ మీద ఫ్రమ్ అని ఎవరుంటే వాళ్ళే. నేను సూరత్ పోకుండా తాడేపల్లిగూడెం బండెక్కాను.

తిరుగు ఛార్జీ ఇంకో 80. విజయవాడ వాడిని అడిగితే గ్రూపులో పిన్ చేసిన మెసేజ్ చూపించాడు: నో రిటర్న్, నో ఎక్స్చేంజ్, డ్యామేజ్ అయితే ఓపెనింగ్ వీడియో తప్పనిసరి. మొత్తం 470 నా మీద పోయింది. అంటే ఇంకో మూడు చీరలు సజావుగా అమ్ముడైతే గానీ పూడని గొయ్యి. స్టాకు పెట్టక్కర్లేని వ్యాపారంలో మొదటి స్టాకుగా నేను ఆవిడ బీరువాలో చేరాను.

కవరు కత్తిరించి నన్ను బయటికి తీసినరోజు ఆవిడ ముందు కొంగు వేళ్ళ మధ్య నలిపింది. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఫొటో పక్కన పెట్టుకుని చూసింది. "ఇదా నేను అమ్మింది!" అంది. నాకు కష్టంగానే అనిపించింది గానీ ఆవిడ తప్పేం లేదు. లేసు అంచు ఒకచోట రెండంగుళాల మేర కుట్టు ఊడి ఉంది. సూది తెచ్చుకుని అక్కడికక్కడే కుట్టేసింది.

ఆ సాయంత్రం వాళ్ళ మరిది వచ్చాడు, ఆడిటర్ ఆఫీసులో పని. "వదినా, 40 లక్షల దాకా జీఎస్టీ అక్కర్లేదని నీకెవరు చెప్పారు? వస్తువు అమ్మి రాష్ట్రం దాటిస్తే ఆ పరిమితి వర్తించదు. పది రూపాయల సరుకైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. 2023 అక్టోబరు నుంచి ఇచ్చిన వెసులుబాటు కూడా పెద్ద ఆన్‌లైన్ యాప్‌లలో సొంత రాష్ట్రం లోపలే అమ్ముకునే చిన్నవాళ్ళకి."

"సిద్దిపేట వేరే రాష్ట్రమేంటి?" అని నాలిక్కరుచుకుంది టీచరమ్మ.

ఆ తర్వాత ఆవిడ పద్ధతి మారింది. ప్రస్తుతానికి అమ్మకం మన జిల్లాల్లోనే అని స్టేటస్‌లో పెట్టింది. కొత్త డిజైను ఏదొచ్చినా ముందు ఒక పీసు ఇంటికి తెప్పించుకుంటోంది. దుకాణం ఫొటోలు మానేసి, పట్టపగలు డాబా మీద కూతురి చేత వీడియో తీయిస్తోంది. నలిపి చూపిస్తుంది, కుచ్చిళ్ళు పెట్టి చూపిస్తుంది, 'ఉతికితే ఇస్త్రీ అక్కర్లేదండి, ఎండలో మాత్రం కాస్త ఉక్కగా ఉంటుంది' అని ఉన్నమాట చెప్తుంది. అడిగేవాళ్ళు తగ్గారు. తిప్పి పంపేవాళ్ళు ఇంకా బాగా తగ్గారు.

నన్ను ఎవరికీ అమ్మలేదు. మొన్న స్కూలుకి కట్టుకెళ్ళింది. స్టాఫ్ రూములో సోషల్ మేడమ్ నా కొంగు పట్టుకుని చూస్తూ అడిగింది: "బాగుందండీ, ఎంతకి తీసుకున్నారు?"

"550. మీకు కావాలంటే తెప్పిస్తాను. సగం ముందు ఫోన్‌పే చేయాలి."

"ముందేనా? మా ఆయన్ని అడిగి రేపు చెప్తానండి."

"అడిగాకే చెప్పండి," అంది మా టీచరమ్మ. సిద్దిపేట గుర్తొచ్చినట్టుంది.