నాలుకల మండీ

2025 మార్చిలో ఒక శుక్రవారం చెన్నై శాసనసభలో ఆర్థికమంత్రి తంగం తెన్నరసు గారు బడ్జెట్ చదువుతుంటే మా హోసూరు పేరు ఒకటికి రెండుసార్లు వినబడింది. 400 కోట్లతో 5 లక్షల చదరపు అడుగుల టైడెల్ ఐటీ పార్కు ఒకటి, నాలెడ్జ్ కారిడార్ ఇంకొకటి. బస్టాండు పక్క టీ అంగట్లో టీవీ చూస్తున్నవాళ్ళం గ్లాసులు కింద పెట్టేశాం.

"టైడెల్ అంటే ఏం వస్తాదన్నా ఆడ?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"ఏమొస్తాది, ఫోన్లెత్తే పని" అన్నాడు అంగడాయన, పాలు వడగడుతూ.

మంత్రిగారు చెప్పనిది అంగడాయన తేల్చేశాడు. ఆయన మాటను కొట్టిపారేయడానికి లేదు. కొడుకులిద్దరూ బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఫోన్లెత్తేవాళ్ళే. ఐటీ అనేది మావంటి ఊళ్ళకు దిగేసరికి హెడ్‌సెట్టయి దిగుతుందని ఆయనకు తెలిసినంతగా ఏ కన్సల్టెంటుకూ తెలియదు.

సరే, కాల్ సెంటర్లు రావాలి. ఏం చూపించి పిలుస్తారు? భవనమంటారా, విశ్వనాథపురంలో ప్రభుత్వ సంస్థ ఎల్కాట్ వాళ్ళ ఐటీ పార్కు ఎప్పటినుంచో ఉంది. దారి అడిగితే మా ఊరివాళ్ళే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. నీళ్ళంటారా, దక్షిణ పినాకినిలో బెంగళూరు వదిలే మురుగు కెళవరపల్లి ఆనకట్ట దగ్గర తెల్లటి నురగై గుట్టలుగా లేస్తుంది. మంచు చూడాలనుకునేవాళ్ళు కులూ మనాలీ దాకా పోనక్కర్లేదు. లారీలు, మోపెడ్లు, చేతి గడియారాలు అంటారా, అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ ఎప్పుడో పట్టుకున్నాయి. గులాబీలు విమానమెక్కి ప్రేమికుల దినానికి పరదేశం పోతున్నాయి. ఇన్ని పోగా మా దగ్గర ఎవరూ కంపెనీ పెట్టని సరుకు ఒక్కటే మిగిలింది. నాలుక.

పొద్దున లేచి పాలవాడితో తెలుగులో పోట్లాడిన నాలుక, టౌన్ బస్సెక్కగానే కండక్టరును తమిళంలో చిల్లర అడుగుతుంది. జూజువాడి దాటి అత్తిబెలెలో దిగితే కన్నడంలోకి మారుతుంది, ఆ మారడం మారినవాడికి కూడా తెలియదు. పంక్చరు వేసే భాయ్ దగ్గర దక్కనీ. లెక్కలు ఏ భాషలో నేర్చుకుంటే ఆ భాషలో, తిట్లు ఎవరికి తగలాలో వాళ్ళ భాషలో. మా సరిహద్దు సీమ మొరసునాడంటే ఇదే. మూడు రాష్ట్రాల గీతలు మా పొలాల మీద గీసినవాళ్ళు మా నాలుకల మీద గీయడం మరిచిపోయారు.

ఈ సరుకును ఇన్నాళ్ళూ ఉత్తినే పారబోసుకున్నాం. అందుకని నేనొక ప్రాజెక్టు రిపోర్టు తయారుచేశాను. కృష్ణగిరిలో మామిడికి మండీ ఉన్నట్టు, హోసూరులో నాలుకలకు మండీ పెట్టాలి.

తోతాపురి కాయ మీకు తెలిసిందే. తోతా అంటే చిలక. మొన చిలకముక్కులా వంగి ఉంటుంది కనక తమిళంలో కిళిమూకు అంటారు, కన్నడంలో గిణిమూతి అంటారు. ఇన్ని పేర్లున్నా బేరంలోకి వచ్చేసరికి అది బెంగళూరా. పండేది మా కృష్ణగిరిలో, మీ చిత్తూరులో. పేరు బెంగళూరుది, పోలిక చిలకది. కాల్ సెంటరుకు ఇంతకు మించిన శకునం ఉందా? రూపాయి గుర్తు తీసేసి తమిళ అక్షరం పెట్టి ఒక్కరోజులో బడ్జెట్ లోగో మార్చిన ప్రభుత్వానికి, కాయకు హెడ్‌సెట్టు తగిలించి ఒక బొమ్మ గీయించడం ఎంతసేపు!

మండీకి పద్ధతులు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. పూత మీదే తోట గుత్తకివ్వడం మావైపు తాతల నాటి అలవాటు. బేరగాడు వచ్చి, తలెత్తి పూత చూసి, మనసులో లెక్క కట్టి అడ్వాన్సు ఇచ్చి పోతాడు. నాలుకలకూ అదే పెడదాం. ఎనిమిదో తరగతిలోనే బేరగాళ్ళు బడికొచ్చి, పిల్లలను వరసగా నిలబెట్టి, నాలుకలు చాపించి చూసుకోవచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బళ్ళో తమిళం, సినిమాల్లో హిందీ పట్టిన నాలుక ఏ గ్రేడు, ఎగుమతి సరుకు. పెద్ద ఫీజులు కట్టి ఇంగ్లీషు మీడియంలో చదివి, ఏదీ నిండుగా రానిది జ్యూసుకు పోతుంది. అమ్మమ్మ దగ్గర పెరిగిన నాలుకలతోనే చిక్కు. అవి నాటుకాయలు, పీచు ఎక్కువ. కస్టమరు 'నా డబ్బులేవమ్మా' అంటే సామెత చెబుతాయి. వాటిని ఊరగాయకు పక్కన పెట్టుకోవాలి.

తర్వాత మాగబెట్టాలి. వరిగడ్డిలో వేస్తే కాయ తన తీరున తాను పండుతుంది, వారం పైన పడుతుంది. వ్యాపారికి అంత ఓపికుండదు. కార్బైడ్ పొట్లం పెడితే రెండు రోజుల్లో పైన పసుపు, లోపల పులుపు. కాయలకు కార్బైడ్ పెడితే ఆహారభద్రతవాళ్ళు వచ్చి పట్టుకుంటారు. నాలుకలకు పెడితే దాన్ని ఆరువారాల సాఫ్ట్ స్కిల్స్ ట్రైనింగ్ అంటారు, సర్టిఫికెట్టు కూడా ఇస్తారు.

ఈ పంట మా జిల్లాకు కొత్తదని ఎవరూ అనుకోవద్దు. 2000ల చివర్లో సంతోష్ బాబు గారు కృష్ణగిరి కలెక్టరుగా ఉండగా, జిల్లా యంత్రాంగమే ఫాస్టెరా పేరుతో పల్లెలో బీపీవో పెట్టించింది. పల్లె పిల్లలు పట్నం పోవడం దేనికి, పనే పల్లెకు రానీ అన్నాడాయన. మంచి మాట. 2010లో రాష్ట్ర ప్రభుత్వం గ్రామీణ బీపీవోలకు ఏకంగా ఒక విధానమే ప్రకటించింది. తర్వాత ఢిల్లీవాళ్ళకు ఆశ పుట్టి, మహానగరాలు కాని ఊళ్ళలో 48,300 కుర్చీలు వేస్తామని 493 కోట్లు పక్కన పెట్టారు. కుర్చీకి లక్ష రూపాయల దాకా సాయం. ఈ దేశంలో కుర్చీకి ఉన్న విలువ మనకు తెలియందా! ఆ కుర్చీలో కూర్చునేవాడి నాలుకకు ఎంత అని ఆ పథకంలో ఎక్కడా లేదు. చెట్టుకు ఎరువు లేదు, బుట్టకు సబ్సిడీ ఉంది.

ఇక అసలు ఘట్టం, గుజ్జు. కృష్ణగిరి చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల్లో ఏం జరుగుతుందో దగ్గర నిలబడి చూశాను. కాయను కడుగుతారు, కోస్తారు, టెంక ఒక పక్కకు జారిపోతుంది, తొక్క ఇంకో పక్కకు. మిగిలినదాన్ని జల్లెడ పట్టి, కాచి, రెండొందల కిలోల పైచిలుకు పట్టే డ్రమ్ముల్లో గాలి తగలకుండా మూత బిగిస్తారు. బర్గూరు కాయా, కావేరిపట్నం కాయా అని ఆ తర్వాత దేవుడు కూడా చెప్పలేడు. గల్ఫులో మూత తీసినా అదే రుచి, ఐరోపాలో తీసినా అదే రుచి.

మా చెల్లెలి కూతురు నిరుడు ఈ డ్రమ్ములో పడింది. ఎలక్ట్రానిక్ సిటీలో తెలుగు కస్టమర్లతో మాట్లాడే కొలువు. మొదటి వారం దాని నోట్లోంచి మా ఊరిని బయటికి తీసే కార్యక్రమం జరిగింది. "మీ డబ్బు మూడు దినాల్లో వస్తాదన్నా" అంటే ట్రైనరు బల్ల మీద పెన్నుతో కొట్టి, "వస్తాది కాదు, వస్తుందండి. అన్నా కాదు, గారు" అనేవాడట. ఆయన కృష్ణా జిల్లా ఆయన, చెడ్డవాడు కాడు. సాయంత్రానికి అలిసిపోయి, "మీ అమ్మాయిలు అందరినీ అన్నా అంటే వాళ్ళు బిల్లెందుకు కడతారమ్మా" అని మొత్తుకున్నాడట. నాకైతే ఆయన మాటలో న్యాయం కనపడింది. అన్న దగ్గర చెల్లెలు అప్పు వసూలు చేయడం ఎక్కడైనా ఉందా?

ఈ లోపల యంత్రమే మాట్లాడేస్తుందని ఇంకో కబురు. పేరు తెలుగు ఆడపిల్లది, గొంతు తెలుగు ఆడపిల్లది, లోపల మనిషి లేదు. మామిడిపండు తగలని మామిడి డ్రింకు మనకు కొత్తా? మా పార్కు పూర్తయ్యేలోగా సరుకే అక్కర్లేకుండా పోతే మండీని గోడౌనుగా వాడుకుందాం.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. మొన్న రాత్రి ఆ పిల్ల చెప్పింది విన్నాక రిపోర్టు ముందుకు సాగలేదు.

కొలువులో చేరిన రెండో వారం దాన్ని నిజమైన ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ఎదురుగా తెర, తెర మీద ఏం చెప్పాలో తెలుగులో. మా పిల్లకు అది చదవడం రాదు. మాట్లాడేది తెలుగే, పుట్టింది తెలుగు ఇంట్లో, అక్షరాలు రావు. పక్క కుర్చీ అమ్మాయి చదివి చెబితే తనకొచ్చిన లిపిలో, తమిళంలో, రాసి పెట్టుకుంది. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. 'గారు' అనే మాట మా వాడుకలో లేకపోవడంతో, భయంలో కాగితం మీదున్నట్టే చదివేసింది. "నమస్కారమండీ, మీరు శ్రీనివాసరావు కారు కదండీ?"

"కాకపోతే నేనెవర్నమ్మా?" అన్నాడట అవతలాయన.

ఆ రాత్రి అంతస్తంతా నవ్వింది. మొన్న నాకు ఇది చెబుతూ తానూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ పిల్ల ఒకటో తరగతిలో చేరింది 2008లో. అప్పటికి తమిళం తప్పనిసరి చేసిన చట్టం వచ్చి రెండేళ్ళయింది. 2006లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికో మెట్టు ఎక్కుతూ 2016కు పదో తరగతి చేరింది. మొదటి భాష తమిళం, అమ్మ భాష ఐచ్ఛికం. ఐచ్ఛికమంటే ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. దాని బళ్ళో తెలుగు పంతులు రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. ఆ కుర్చీకి లక్ష ఇస్తామని ఏ పథకమూ రాలేదు. పరీక్షలు దగ్గరపడితే మినహాయింపు కోసం మద్రాసు హైకోర్టుకు, ఆపైన సుప్రీంకోర్టుకు పోవడం మావాళ్ళకు రివిజనులో ఒక భాగమైపోయింది. 2025లో మార్చి 28న మళ్ళీ పదో తరగతి పరీక్షలు వచ్చాయి.

ఆ బడ్జెట్ వారమంతా చెన్నైలో ఒకటే మాట. మా పిల్లల నోట్లో హిందీ కుక్కొద్దు, మా బడులకు రావలసిన 2,152 కోట్లు ఆపొద్దు. నూటికి నూరుపాళ్ళు న్యాయమైన మాట. ఢిల్లీ చేసింది దౌర్జన్యం. అయ్యా, ఆ మాటనే మేము హోసూరులో నిలబడి, చెన్నై వైపు తిరిగి అంటే ఎందుకు వినపడదు? తమిళం నేర్చుకోబోమని మేమెప్పుడైనా అన్నామా? రాజాజీ పుట్టిన తొరపల్లి మా పక్కనే. ఆ భాష మాకు పరాయిది కాదు, మా పిల్లలు మీ పిల్లలకంటే ఒక భాష ఎక్కువే మాట్లాడతారు. దానికి తోడు మా అక్షరాలు మాకు ఉండనివ్వండి అన్నాం, అంతే. 2006 నుంచి అక్షరం తర్వాత అక్షరం పీకేసి, ఇవాళ వచ్చి ఇక్కడ బహుభాషా మానవ వనరులున్నాయని కంపెనీలకు బ్రోచరు వేస్తారా? ఏ ముఖంతో?

తెలుగు రాష్ట్రాలను అడుగుదామంటే, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి ప్రభుత్వం బడుల్లోంచి తెలుగు మీడియాన్నే ఎత్తేయబోయి కోర్టులో చీవాట్లు తింది. 2024లో మా ఎంపీ గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేస్తే రెండు రాష్ట్రాల టీవీలూ ఒక పూట మురిసిపోయాయి. ఆ పూట అయిపోయింది. మా పిల్లలకు పంతులు మాత్రం రాలేదు.

నిన్న సాయంత్రం షిఫ్టుకు పోతూ ఆ పిల్ల మా గుమ్మం దగ్గర ఆగింది. ఐడీ కార్డు మెడలో, చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"మామా, క ఎట్ల రాస్తారు, గ ఎట్ల రాస్తారు? ఒకసారి రాసియ్యి."

పాలబిల్లు వెనక పెద్దగా రాసిచ్చాను. ఖ, ఘ కూడా రాయబోతే, "అవి రేపు, బస్సుకు టైమైంది" అని చీటీ మడిచి ఐడీ కార్డు వెనక దూర్చుకుని ఉరికింది.